విమల టీచర్ అడగమన్న గది

పై ఫ్లాట్‌లో ఎవరో బల్లలు ఈడుస్తున్నారు. నేల మీద ఇనుప కాళ్ళు గీసుకుపోయే ఆ చప్పుడు వింటే నాకు షార్జాలోని బడి, అక్కడ మా అబ్బాయి చందుకు మూడో తరగతి చెప్పిన విమల టీచర్ గుర్తొస్తారు.

2005లో మేము షార్జాలోనే అల్ నహ్దా అనే పేటలో ఉండేవాళ్ళం. మా ఆయన తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి దుబాయ్ అవతల జెబెల్ అలీలో పనికి వెళ్ళిపోయేవారు కాబట్టి బడి సంగతులన్నీ నేనే చూసుకునేదాన్ని. చందుకు పుట్టుకతోనే కాళ్ళలో పట్టు లేదు, వాకర్‌తో నడిచేవాడు. రెండో తరగతి దాకా కింది అంతస్తులోనే గడిచింది. మూడో తరగతి పైన. లిఫ్టు లేదు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇలాంటి పిల్లలకు వేరే సెంటర్లున్నాయి, అక్కడ చూసుకోమన్నారు. రోజూ నేనే ఎత్తుకెళ్తానని, దయచేసి ఉంచమని చేతులు జోడించాను. ఆలోచిస్తామన్నారు. కొత్త క్లాస్ టీచర్ విమల గారు అక్కడే కూర్చుని అంతా విన్నారు. ఆవిడది కాకినాడ. నా వెనకే వరండాలోకి వచ్చారు.

"ఎన్నాళ్ళు మోస్తారండీ? వాడు పెరుగుతాడు కదా."

"మరేం జెయ్యాలె మేడం? తీసేస్తే యాడికి తీస్కపోవాలె?" కంగారులో మా కరీంనగర్ మాటే వచ్చింది.

"క్లాసు కిందకి మార్చమని అడగండి. బతిమాలితే జాలిపడాలా వద్దా అని ఆలోచిస్తారాయన. గది అడిగితే, గది ఉందా లేదా అని చూస్తారు. నేనూ చెప్తాను గానీ, ముందు మీరు అడగాలి."

మళ్ళీ లోపలికి వెళ్ళాను. వచ్చీరాని హిందీలోనే, క్లాసు కిందకి మార్చమని అడిగాను. కింద సంగీతం గది ఖాళీగానే ఉంటోందని, నా వెంట వచ్చిన టీచర్ అందుకున్నారు. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకుంటే చూద్దామన్నారు ప్రిన్సిపాల్.

ఆ వారమే మీటింగు. ఒక్క పిల్లవాడి కోసం అందరూ ఇరుకు గదిలో కూర్చోవాలా అని ఒక తండ్రి అడిగాడు. అడగడంలో తప్పు లేదు, గది నిజంగానే ఇరుకు. క్షమించమని చెప్పడానికి లేవబోతుంటే టీచర్ నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. లేచి నిలబడ్డాను గానీ క్షమించమనలేదు. "మా బాబు కూడా ఈ క్లాసు పిల్లవాడే. వాడు రాగలిగిన గది అదొక్కటే" అన్నాను. బీరువాలు బయట పెట్టిస్తే చోటు సరిపోతుందని టీచర్ చెప్పాక అందరూ సరేనన్నారు. మర్నాడు బడి వదిలాక ఆవిడా, నేనూ, వాచ్‌మన్ కలిసి బల్లలన్నీ కిందకి దించి ఆ గదిలోకి ఈడ్చాం.

అలాగని చందు మీద ఆవిడకు ప్రత్యేకమైన ముద్దేమీ లేదు. హోంవర్క్ చేయని రోజు, "లెక్కలు కాళ్ళతో చేస్తావేంట్రా?" అని అడిగారట. నాకు కోపం వచ్చింది. వాడు మాత్రం ఆ మాట చెప్పి చెప్పి నవ్వాడు. అప్పటిదాకా వాణ్ణి బళ్ళో తిట్టినవాళ్ళు లేరు.

భర్త ఉద్యోగం పోవడంతో 2007లో వాళ్ళు కాకినాడ వెళ్ళిపోయారు. ఫోన్ నంబర్లు మారాక జాడ తెలియలేదు. నాలుగో తరగతికీ ఐదో తరగతికీ కింది గది నేనే అడిగి ఇప్పించుకున్నాను. ఆ తర్వాత బడి మారినప్పుడు, కొత్త ప్రిన్సిపాల్ ముందు కూర్చుని నేనడిగిన మొదటి మాట, ఆరో తరగతి ఏ అంతస్తులో ఉంటుందని.

చందు ఇప్పుడు ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాడు. మొన్న ఏదో ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంటర్వ్యూ ఏ అంతస్తులో, లిఫ్టు పనిచేస్తోందా అని అడుగుతుంటే వంటింట్లోంచి విన్నాను. అడ్రసు కనుక్కున్నంత మామూలుగా అడిగాడు. నాకైతే ఇప్పటికీ అలాంటి మాట ఎత్తేముందు 'దయచేసి' నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, కావలసింది అడుగుతాను.