డాక్టర్ల భార్యల సంఘంలో ఒక మొగుడు

నేను చెప్పే మాటల్లో రూపాయికి పావలా కల్తీ ఉంటుందని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. ఈ సంగతిలో మాత్రం ఆ పావలా కూడా లేదు. కోపం దానికి చోటివ్వలేదు.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజులు. ఎస్ట్‌కోర్ట్ పట్నం అవతల ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో మా ఆవిడకి డాక్టరుద్యోగం దొరికింది. ఆవిడ వెంట వచ్చిన సామాన్లలో నేనొకణ్ణి. గుంటూరులో లెక్చరర్ని, ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదని నా వీసా మీద ముద్ర కొట్టారు. పొద్దున్నే ఆవిడకి క్యారేజీ కట్టి పంపేశాక సాయంత్రం దాకా గోడలకి కథలు చెప్పుకోవడమే నా పని.

ఆ ఆస్పత్రిలో డాక్టర్ల భార్యల సేవాసంఘం ఒకటుండేది. రోగులకి టీ ఇవ్వడం, కేకులమ్మి దుప్పట్లు కొనడం, పిల్లల వార్డులో కాసేపు ఆడించడం. సభ్యులకో నీలం బ్యాడ్జి. అది ఉంటేనే వార్డుల్లోకి రానిస్తారు. సభ్యులు తగ్గిపోయి పిల్లల వార్డుకి వెళ్ళే దిక్కు లేకపోతే, నాకొక బ్యాడ్జి అరువిచ్చారు. ఇప్పించింది, నేను అక్కా అని పిలిచే ఒక పెద్దావిడ. ఆ ఊళ్ళో పాత డాక్టరుగారి భార్య. ఒకప్పుడు ఇక్కడి చెరుకుతోటల్లో పనికొచ్చిన విశాఖవాళ్ళ మనవరాలు. మొదటిసారి నన్ను చూసి, "ఏ ఊరోడివిరా అబ్బాయ్? తిన్నావా?" అంది. ఆమె దగ్గర మిగిలింది ఇలాంటి ముక్కల తెలుగే. నాకు చాలు.

గురువారాలు వార్డుకి వెళ్ళేవాణ్ణి. కాళ్ళకి సిమెంటు కట్లతో నెలల తరబడి పడుకున్న పిల్లలు. నా ఇంగ్లీషు వాళ్ళకి సగమే అందేది. మిగతా సగం వార్డు సిస్టరు వాళ్ళ జులూ భాషలో చెప్పేది, నా అబద్ధాలకి తనవి కొన్ని కలిపి. మా గేదె టిక్కెట్టు లేకుండా రైలెక్కి మద్రాసు చూసొచ్చిందంటే ఆ పిల్లలు నమ్మారు. మా ఆవిడ ఏనాడూ నన్నంత నమ్మలేదు. వారమంతా ఆ ఒక్క గంట కోసమే బతికేవాణ్ణి.

ఇంతలో సంఘానికి మళ్ళీ ప్రాణం పొయ్యాలని అధ్యక్షురాలికి బుద్ధి పుట్టింది. ఆమె సూపరింటెండెంటు భార్య. డర్బన్ నుంచి ఒక నిపుణురాలిని పిలిపించి, శనివారమంతా ప్రణాళిక సమావేశం పెట్టింది. బల్లలు మోసింది నేనే. గోడనిండా పెద్ద కాయితాలు, సభ్యులు తమ ఆలోచనలు రాసి అంటించిన రంగురంగుల చీటీలు. "పదేళ్ళ తర్వాత మనం ఎక్కడుంటాం?" అని నిపుణురాలు అడిగింది. ఇలాగే ఉంటే శ్మశానంలో ఉంటారని నాలిక చివరిదాకా వచ్చింది.

ఆ సంఘంలో మొగుడి హోదాని బట్టి భార్యకి కుర్చీ. టీ పొయ్యడం సూపరింటెండెంటు భార్య హక్కు. పాలు పొయ్యడం సర్జను భార్యది. ఆ రోజు చీటీలు చదవడం కూడా ఆ వరసలోనే. కుర్ర డాక్టర్ల భార్యల వంతు వచ్చేసరికి భోజనం వేళైంది. వాళ్ళ చీటీలు గోడమీదే వేలాడాయి. "కొత్తవాళ్ళు ఎందుకు చేరడం లేదు?" అని పెద్దక్షరాలతో రాసి, దాని కిందే కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు!

ఇక ఆగలేకపోయాను. లేచాను.

"కొత్తగా వచ్చే డాక్టర్లలో ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ మొగుళ్ళు ఇళ్ళల్లో గోళ్ళు గిల్లుకుంటున్నారు. మమ్మల్ని చేర్చుకోండి."

అధ్యక్షురాలు తియ్యగా నవ్వింది. "మీరు లేకపోతే మా బల్లలు ఎవరు మోస్తారు? కానీ ఇది భార్యల సంఘం కదా."

"పేరు మార్చండి."

"పేరు మా వారసత్వమండీ."

ఓటు పెట్టారు. ఓడితే అరువు బ్యాడ్జి వెనక్కివ్వాలట. సభ్యులు కానివాళ్ళు ఒంటరిగా వార్డుల్లో తిరగడం కొత్త ప్రణాళికకి కుదరదట. కుర్రభార్యలు నా వైపు చేతులెత్తారు. పెద్దకుర్చీలు ఎదురు తిరిగాయి. సరిసమానం. ఇక మిగిలింది అక్క ఒక్కతే. నేను అప్పుడే గెలిచినట్టు నవ్వాను. అక్క నా మొహం చూడకుండా అధ్యక్షురాలి వైపు చెయ్యెత్తింది.

బల్లలు ఎక్కడివక్కడ వదిలేసి, కారు దగ్గర ఆమెని పట్టుకున్నాను.

"ఏంటక్కా ఈ పని?"

"అరవకురా. నా మొగుడు ఇక్కడే పని చేసె. ఇండియావోడని వెనక గేటునించే పోయె. వీళ్ళు లోపల టీ తాగితే నేను కారులో కూకుంటి. ఇప్పుడే కుర్చీ ఇచ్చె. నీకోసం ఎత్తితే అది పోద్ది."

"బయట కూర్చున్నదానివి. ఎంత చలో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే లోపలుంటిని."

ఆ మాటకి నా కోపం రెట్టింపైంది. ఆమెని వెనక గేటుకి తోసినవాళ్ళ మీద, ఇప్పుడు కుర్చీ ఎరవేసి ఆడిస్తున్నవాళ్ళ మీద, ఆ కుర్చీని అంత గట్టిగా పట్టుకున్న ఆమె మీద.

గురువారం వార్డు తలుపు దగ్గర సిస్టరు నన్ను ఆపింది. పాపం, ఆమెకి పైనుంచి ఆజ్ఞ. లోపల పిల్లలు మంచాలు బాదుతున్నారు. వెనక్కి తిరిగేసరికి అక్క, గుండెల మీద నీలం బ్యాడ్జితో.

"ఇతను నా సాయం మనిషి. సభ్యురాలు సాయానికి ఒకళ్ళని తెచ్చుకోవచ్చు కదా," అని సిస్టరుతో ఇంగ్లీషులో చెప్పి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మళ్ళీ బల్లలు మోసేవాడి హోదాయే! పిల్లల కోసం మింగాను.

కథ అయ్యాక అక్క నా పక్కకి జరిగింది.

"మంచి అబద్ధాలురా. తిన్నావా?"

"క్షమించండి మేడమ్, ఏమన్నారు?" అన్నాను, కావాలనే ఇంగ్లీషులో.

"తిన్నావా అంటిని."

"మీ భాష నాకు రాదు మేడమ్," అని సిస్టరు వైపు తిరిగి, వచ్చే గురువారం ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.