కరెంటు తీగ లేకుండా వచ్చిన ఐదు రిపోర్టులు

దయ్యాల కథలు నేను విననివాణ్ణి కాను, నమ్మనివాణ్ణి. టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో సగం పుంగనూరులో, కుప్పంలో గడిచింది. ఎవరూ చేయకుండానే ఫోను మోగుతోందని, ఎత్తితే ఏడుపు వినిపిస్తోందని ఫిర్యాదులు వచ్చేవి. వెళ్లి చూస్తే ఎక్కడో తీగకు తడి తగిలి ఉండేది, లేదంటే పక్క లైనుతో కలిసి ఉండేది. కారణం దొరకని వింత ఒక్కటీ నాకు తగల్లేదు.

పంతొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. కింద చెప్పేదంతా ఆ రోజుల్లో రాసుకున్న పేజీలు ముందు పెట్టుకుని రాస్తున్నదే.

రిటైరయ్యాక మదనపల్లెలో స్థిరపడ్డాం. ఐదారేళ్లకు, మా వీధిలో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి మూసేస్తూ సామాను అమ్మితే, పాత కంప్యూటరూ డాట్ మాట్రిక్స్ ప్రింటరూ కొన్నాను. పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించి, వెనక గదిలో పెట్టి, పగలూ రాత్రీ నడిపేవాణ్ణి. దాన్ని నేను సర్వర్ అంటే మా ఆవిడ సరోజ నవ్వేది. నా పాత డైరీలన్నీ ఒక్కొక్కటిగా అందులోకి టైపు చేయడం మొదలుపెట్టాను.

డైరీల్లో మనుషుల గురించి దాపరికం లేకుండా రాసుకున్న మాటలుంటాయి. వాటిని ఎవరైనా తెరిచి చదువుతారేమోనన్న శంక నన్ను వదిలేది కాదు. కంప్యూటరు తనలో జరిగే ప్రతి పనినీ వేళతో సహా ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. రోజూ ఉదయం ఆరింటికి అది తన లాగ్‌ను తానే చదువుకుని ఒక పేజీ రిపోర్టు అచ్చేసేటట్టు ఏర్పాటు చేశాను. ఎవరు ఎన్నింటికి కంప్యూటరు లోపలికి వచ్చారు, తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టారు, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, అంతే ఉండేది అందులో.

ఎక్స్ఛేంజిలో కొత్త లాగ్ పుస్తకం తెరిస్తే, ముందుగా అన్ని పేజీలకూ చేత్తో నంబర్లు వేసి, ప్రతిదాని మీదా పొడి సంతకం పెట్టేవాళ్లం. ఆ తర్వాత ఒక కాగితం చింపడానికి గానీ చొప్పించడానికి గానీ వీలుండదు. ఆ అలవాటు కొద్దీ ప్రింటరులో పెట్టే మడతల కాగితానికీ అలాగే చేశాను.

మా ఇంటి ముందు వాటాలో గంగులప్ప, అతని భార్య బాడుగకు ఉండేవాళ్లు. కుప్పంలో నా కింద లైన్‌మన్‌గా చేసినవాడు. పదిహేనేళ్ల పరిచయం. మా ఇంటి రెండో తాళంచెవి అతని దగ్గరే ఉండేది. నేను రిపోర్టులను ఫైలులో గుచ్చుతుంటే వచ్చి నిలబడేవాడు.

"ఏం సార్, రిటైరైనా ఇంకా డ్యూటీ దిగలేదా మీరు? మిషనుతో గూడా అటెండెన్సు రాయిస్తాండారే."

"నీకూ రాయిస్తా ఉండు, గంగులప్పా."

"నాకెందుకు సార్? నేను యాడికి పోతాను, ఈన్నే గదా ఉండేది."

ఆ వేసవిలో సరోజ అన్న కూతురి పెళ్లికి కుప్పం వెళ్లాం. గురువారం మధ్యాహ్నం బయలుదేరి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చాం. ముందటేడు పిడుగుకు మోడెం కాలిపోయింది కాబట్టి, వెళ్లే ముందు సర్వర్‌ను ఆపి, దానిదీ ప్రింటరుదీ యూపీఎస్‌దీ తీగలన్నీ పీకి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి నా మొలతాటికి ఉండింది.

తిరిగొచ్చి చూస్తే ప్రింటరు వెనక మూడు పేజీలు అచ్చయి మడత పడి ఉన్నాయి. 141, 142, 143. అంకెలు నావే, సంతకాలు నావే. శుక్ర, శని, ఆదివారాల రిపోర్టులు. తీగలు బీరువాలోనే ఉన్నాయి.

మిషన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పనుల్ని లేవగానే పూర్తి చేసే సౌకర్యం ఒకటి ఉంది. కానీ నేను ఇంకా దాన్ని లేపనే లేదు. తర్వాత తీగలు తగిలించి లాగ్ చూశాను. గురువారం మధ్యాహ్నం తర్వాత నేరుగా ఆదివారం సాయంత్రం ఉంది. నడుమ ఒక్క వరుస లేదు.

మూడు రిపోర్టుల్లోనూ ఎవరూ లోపలికి రాలేదనే ఉంది. శనివారం దానిలో మాత్రం అంతకు ముందు రోజు కరెంటు రెండుసార్లు పోయినట్టు వేళలున్నాయి. మరునాడు సబ్‌స్టేషనుకు వెళ్లి, తెలిసిన ఆపరేటరును అడిగి రిజిస్టరు చూశాను. నిమిషాలతో సహా సరిపోయాయి.

దాంతో నా అనుమానం గట్టిపడింది. మిషన్ నిజంగా నడిచింది, ఎవరో నడిపారు అనుకున్నాను. అలాంటి తీగలు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి. పని అయ్యాక లాగ్‌ను చెరిపేశారు, ప్రింటరు సంగతి మరిచిపోయారు. ఇంటి తాళంచెవి గంగులప్ప దగ్గర ఉంది. అతనికి కంప్యూటరు తెలియదు, కానీ బెంగళూరులో కంప్యూటరు పని చేసే అతని అన్న కొడుకు ఆ వారమే వచ్చి రెండు రోజులుండి పోయాడు. ఇదంతా డైరీలో వరుసగా రాసుకున్నాను. ఎక్కడా సందు కనబడలేదు.

వసారాలో అతన్ని కూర్చోబెట్టి అడిగాను.

"సెట్లకు నీళ్లు పోసి, ముందు రూములో లైటేసి ఆర్పినా. అంతే సార్."

"వెనక గదిలోకి?"

"యాల పోతాను సార్? ఆ మిషన్ను సూస్తేనే నాకు బయ్యం."

"నువ్వు పోలేదులే. మీ అన్న కొడుకు పోయినాడేమో."

గంగులప్ప నా చేతిలోని కాగితాల వైపు, తర్వాత నా వైపు చూశాడు. లేచి వాళ్ల వాటాలోకి వెళ్లి, తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడే అలా మౌనంగా ఉంటాడని ఆ రోజు రాసుకున్నాను.

సరోజ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "అన్నేండ్ల మనిషిని పట్టుకోని, కాగితం సూపించి అడుగుతారా?" అంది ఒకసారి. నెల తిరక్కుండానే గంగులప్ప ఇల్లు ఖాళీ చేసి శాంతిపురంలో అన్న దగ్గరికి వెళ్లిపోయాడు. సామాను ఎక్కించేటప్పుడు నేను లోపలే ఉన్నాను.

రెండు నెలలకు పుంగనూరులో ఒక గృహప్రవేశానికి పోవలసి వచ్చింది. రెండు రాత్రులు. ఈసారి వెనక గదికి కొత్త తాళం వేశాను. తలుపుకూ చట్రానికీ కలిపి కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి వేళ వేశాను. కిటికీకి ఎటూ ఇనుప ఊచలున్నాయి. తీగలన్నీ చుట్టి నా చేతిసంచిలో పెట్టుకుని పుంగనూరుకు తీసుకెళ్లాను. ముందు వాటా ఖాళీగా ఉంది. తాళంచెవులన్నీ నా దగ్గరే.

నిజం చెప్పాలంటే, ఏమీ జరగదని చూపించుకోవడానికే అదంతా చేశాను. గంగులప్ప లేడు కాబట్టి రిపోర్టూ రాదు, నా లెక్క సరైనదని తేలుతుంది అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి అంటించిన కాగితం చెక్కుచెదరలేదు. నా సంతకం తలుపు సందు మీదుగా అలాగే ఉంది. దాన్ని నేనే చింపి లోపలికి వెళ్లాను. సరోజ నా వెనకే ఉంది. ప్రింటరు వెనక రెండు పేజీలున్నాయి. మొదటిదానిలో కరెంటు ఒకసారి పోయినట్టుంది. సబ్‌స్టేషను రిజిస్టరులోనూ అదే వేళ ఉంది.

సరోజ ఆ కాగితాలను ముట్టుకోలేదు. "రేపు శాంతిపురం పోయి రాండి" అంది.

వెళ్లాను. గంగులప్ప అన్న ఇంటి పక్కనే రాళ్లు కోసే చోటు ఉంది, ఆ చప్పుడులోనే మాట్లాడుకున్నాం. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఐదు కాగితాలూ అతని చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. ఇంగ్లీషు రాదు కాబట్టి అంకెలూ సంతకాలూ మాత్రం చూశాడు.

"అంటే ఇప్పుడు మావోడు, నేను దొంగలం కాదంటారు."

"కాదు. తప్పు నాది. మళ్లీ వచ్చేయి గంగులప్పా. వాటా నీ కోసమే ఉండాది."

"ఈ రెండు కాగితాలు రాకపోయింటే సార్?"

అతను నవ్వాడు. కోపం లేని నవ్వే.

"నా మాట సాలలేదు మీకు. దయ్యమొచ్చి సాచ్చికం సెప్పాల్సొచ్చె."

కాగితాలు మడిచి నాకిచ్చేశాడు. మళ్లీ అన్నాడు, "కుప్పంలో రాగితీగ పోయినప్పుడు అందురూ నన్నే అనిరి. మీరొక్కరే ఒక్క మాట అనలేదు. దాన్ని మరిసిపోలేదు సార్ నేను. అందుకే ఆపొద్దు తాళంచెవి పెట్టి గమ్మున వచ్చేస్తి."

నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాను. కుప్పంలో తీగ పోయిన రోజున నా డైరీలో ఉన్నది రెండే వాక్యాలు. "గంగులప్ప మీదనే నా అనుమానం. రుజువు లేదు కనుక నోరు విప్పలేదు." తీగ తర్వాత వేరే వాళ్ల దగ్గర దొరికింది. ఆ వాక్యాలను నేను కొట్టేయలేదు. ఆ గురువారం పెళ్లికి బయలుదేరే ముందు, సర్వర్ ఆపేలోగా నేను చివరగా టైపు చేసిన పేజీ అదే. ఇది శాంతిపురం నుంచి వచ్చాక, పాత ఫైళ్ల వేళలు చూస్తుంటే తెలిసింది. దానికీ రిపోర్టులకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గంగులప్ప తిరిగి రాలేదు. తర్వాత ఎన్నిసార్లు ఊరు వదిలి వెళ్లినా అలాంటి రిపోర్టు మళ్లీ అచ్చు కాలేదు. ఆ ఐదు కాగితాలనూ ఇద్దరు ఇంజనీర్లకు చూపించాను. ఒకాయన నేను తేదీలు తప్పు రాసుకున్నానన్నాడు. రెండో ఆయన చాలాసేపు చూసి తిరిగిచ్చేశాడు.

దయ్యం అని నేను ఇప్పటికీ అనలేను. కరెంటు లేని యంత్రం ఐదు రోజుల సంగతులు నిమిషాలతో సహా నిజంగా రాసింది, ఎలా రాసిందో నాకు తెలియదు. గంగులప్ప ఆ గదిలోకి పోలేదన్నది మాత్రం తెలుసు. అది తెలుసుకోవడానికి ఆ కాగితాల అవసరం నాకు ఉండకూడదు.