గంప కింద కౌతాళం పుంజు

నేను మనుషులను చూసి పెద్దగా కుళ్లుకున్నవాణ్ణి కాను. పక్కింటివాడు ఒకేసారి నాలుగు మగ్గాలు పెట్టినప్పుడు కూడా ఒక పూట ముఖం మాడ్చుకుని ఊరుకున్నాను. కానీ పెళ్లయిన కొత్తలో ఒక కోడిపుంజును చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడు మాత్రం దాని గొంతు వింటేనే నాకు ఒళ్లు మండేది.

డెబ్భైల చివరి సంగతి ఇది. ఎమ్మిగనూరులో మాది నూలుకు రంగులు వేసే ఇల్లు. పెరట్లో మూడు రంగు తొట్లు, వాటి చుట్టూ తిరిగే మా అమ్మ కోడిపెట్టలు ఎనిమిది. ఇంట్లో అమ్మ, మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మా అక్క, నేను. కౌతాళం నుంచి నా భార్య కాపురానికి వచ్చిన రోజు, బస్సు దిగుతున్నప్పుడు ఆమె చంకలో ఒక ఎర్రపుంజు ఉంది. ఇంకా కూత కుదరని పడుచు పుంజు. వాళ్ల అవ్వ ఇచ్చిందట. నేను చేతులు చాస్తే ట్రంకుపెట్టె ఇచ్చింది. పుంజును మాత్రం ఇవ్వలేదు. నా కడుపుమంట అక్కడే మొదలైంది.

కొత్త కోడిని తెస్తే రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి వదలడం మా ఇంటి పద్ధతి. అలా చేస్తే అది ఇల్లు మరిచిపోదని అమ్మ నమ్మకం. పట్టపగలు పుంజును రోలు చుట్టూ తిప్పి, పెట్టల మధ్యకు వదిలేసింది. "ఇంగ ఇది మన కోడే" అంది. ఆ సంగతి పెట్టలకు ఎవరు చెప్పాలి? గింజలు తినబోతే ముక్కుతో ఒక్కటిచ్చాయి, నీళ్లు తాగబోతే రెండిచ్చాయి. పుంజు రోలు వెనకాల నక్కి నిలబడింది. మేమంతా నవ్వుకున్నాం.

నా భార్య మాటలో కన్నడం ఎక్కువ. కన్నడదేశం అంచున ఉన్న వాళ్ల ఊళ్లో అందరూ అంతే. వచ్చిన రెండో రోజే మా అక్కను "ఊటా ఆయ్తా?" అని అడిగింది. అన్నం తిన్నావా అని. అంతే, మా అక్కకు నెల రోజులకు సరిపడా వినోదం దొరికింది. గొంతు సాగదీసి, మెడ ఊపి, అదే మాట అని చూపించేది. అమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి మా ఇంట్లో ఆమె నోటి నుంచి ఊ, ఊహూ తప్ప ఏమీ వచ్చేది కాదు. సిగ్గేమో అనుకున్నాను.

సిగ్గా, పాడా! పెరట్లో పుంజు ముందు కూర్చుంటే ఆమెకు మాటలు ఆగేవి కావు. దండెం మీద ఆరేసిన నూలు చాటున నిలబడి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గలగలా కన్నడంలో ఏదేదో చెప్పేది. మధ్యమధ్య "ఊటా ఆయ్తా?" అని అడిగేది. పుంజు మెడ వంచి వినేది. తాళి కట్టింది నేను. నన్ను ఒక్కనాడైనా ఆ మాట అడిగిందా? నా పళ్లెంలో జొన్నసంగటి ముద్ద పెట్టి వెనక్కి చూడకుండా పోయేది. తన వంతులో నుంచి ముద్ద తీసి దానికి మాత్రం చేత్తో తినిపించేది.

ఒక మధ్యాహ్నం తొట్టి దగ్గర నుంచి తల ఎత్తితే పెట్టలన్నీ గుంపుగా ఉన్నాయి. మధ్యలో పుంజు. నెత్తి మీది ఎర్రజుట్టు చీలి నెత్తురు కారుతోంది. వీపు మీద ఈకలు పీకేసి, తోక మొదట్లో చర్మం పచ్చిగా కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఇంతలో ఆమె పరుగున వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకుంది. నెత్తురు చీరకు అంటుతోంది.

"ఇది సచ్చిపోతే నేను ఊరికి పోతా. మల్లా రాను" అంది.

ఆమె నాతో పూర్తిగా చెప్పిన మొదటి మాట అదే. కోడి చస్తే కాపురం పోతుందా అని నవ్వబోయాను. ఆమె ముఖం చూస్తే నవ్వు రాలేదు.

పుంజు బతకాలి, కానీ దాన్ని బతికించింది నేనే అని ఆమె అనుకోవాలి. అదీ నా పట్టుదల. మర్నాడు రంగుల కోసం ఆదోని పోయినప్పుడు మందుల షాపులో ఎర్రమందు సీసా కొన్నాను. మనుషుల గాయాలకు పూసే మందు, ఖరీదైనదే. ఇంటికొచ్చి, అందరూ చూస్తుండగా పుంజు జుట్టుకూ వీపుకూ దట్టంగా పట్టించి, దర్జాగా పెరట్లోకి వదిలాను. నిగనిగలాడే ఆ ఎరుపును చూసి ఎనిమిది పెట్టలూ ఒక్కసారిగా మీదపడ్డాయి. నేను కేకలు వేసి తోలేలోపు జుట్టులో ఒక కొన ఊడిపోయింది.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పుంజును నా చేతుల్లోంచి తీసుకుని గాయాలు కడిగింది. ఆముదంలో పసుపు కలిపి రాసింది. తర్వాత తిన్నగా నా నీలం తొట్టి దగ్గరకు వచ్చి, గుడ్డ ముంచి, ఆ పసుపు మీద నీలం అద్దింది.

"ఎరుపు కనబడితే పొడుస్తాయి. కనబడకుంటే మర్సిపోతాయి" అంది, నా వైపు చూడకుండా.

ఊహ తెలిసినప్పటి నుంచి రంగుల్లో చేతులు పెట్టినవాణ్ణి. నాకు తట్టలేదు. ఆ మాటకు మెచ్చుకోవాల్సింది పోయి మళ్లీ కుళ్లుకున్నాను. కాపురానికి వచ్చి అన్ని రోజులైనా నా తొట్టి దగ్గరకు ఆమె ఒక్కసారి కూడా రాలేదు. పుంజు కోసం వచ్చి, మణికట్టు దాకా నీలం చేసుకుంది.

"ఒక గంప కావల్ల" అంది. బజారుకు పోయి సందులున్న పెద్ద గంప తెచ్చాను. పుంజును దాని కింద పెట్టి, గంపను పెట్టలు తిరిగేచోటే ఉంచింది. గంప చుట్టూ గింజలు చల్లింది. పెట్టలు దాన్ని చూడాలి, అందుకోకూడదు. పదిహేను దినాలు అట్లా చూసి చూసి అలవాటుపడితే ఇక పొడవవట. వాళ్ల అవ్వ అట్లాగే చేస్తుందట.

ఆ రోజులన్నీ నాకు అదే పని. ఎన్నిసార్లు గంప ఎత్తింది, ఎంతసేపు మాట్లాడింది, ఎంత సంగటి పెట్టింది, అన్నీ చూసేవాణ్ణి. నూలు ఒకచోట ముదురు, ఒకచోట లేత అయి పాడైంది. పుంజుకు కొత్త ఈకలు మొలుస్తుంటే అది బాగుపడుతోందన్న సంతోషం లేదు, సోకు చేసుకుంటోందన్న కడుపుమంటే.

పదో రోజు ఆగలేకపోయాను.

"ఆ పుంజుకు సేసేదాంట్లో సగమన్నా నాకు సేసినావా?" అన్నాను.

ఆమె గంప కింద నీళ్ల చిప్ప పెట్టి నెమ్మదిగా లేచింది.

"దాన్ని పొడుస్తాండాయని గంప తెచ్చినావు. నన్ను పొడుస్తాంటే ఏం తెచ్చినావు?" అంది.

నిన్నెవరు పొడిచినారు అని అడగబోయాను. వంటింట్లోంచి మా అక్క గొంతు వినిపించింది. మెడ ఊపుతూ అంటున్నట్టు ఇక్కడికే తెలిసిపోతోంది. "ఊటా ఆయ్తాఆఆ?" ఆ వెంటనే అమ్మ నవ్వు. రోజూ వినేదే. రోజూ నేనూ కలిసి నవ్వేదే. 

మర్నాడు మధ్యాహ్నం అమ్మ, అక్క, నేను తిని చేతులు కడుక్కున్నాం. వాళ్లిద్దరూ వసారాలో కూర్చుని వక్కాకు వేసుకుంటున్నారు. ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను వాళ్లకు వినబడేటట్టుగానే గొంతు పెంచి ఆమెను అడిగాను.

"ఊటా ఆయ్తా?"

నా నోట ఆ మాట ఎంత వంకరగా వచ్చిందో గానీ, మా అక్క విరగబడి నవ్వింది. అమ్మకు పొలమారింది. ఈసారి నవ్వు నా మీద. అది ఎట్లా గుచ్చుకుంటుందో మొదటిసారి తెలిసింది.

ఆమె నవ్వలేదు. బూడిద అంటిన చేతులతో అట్లాగే తలెత్తి నన్ను చూసింది. కళ్లు నిండాయి.

"ఇల్ల" అంది.

లేదు అని. రెండు గంటలు దాటింది. ఆమె చేతిలో సగం తోమిన సంగటి కుండ ఉంది. ఆమె వచ్చి అప్పటికి రెండు నెలలు. నేను ఆ మాట అడగడం అదే మొదలు. గంప కింద పుంజు మాత్రం ఎప్పుడో తినేసి కునుకు తీస్తోంది.