జైరాం సబ్బు నురగ

జైరాంకు మనుషుల మీదకన్నా సబ్బు నురగ మీద నమ్మకం ఎక్కువ. సారపాక కాగితం మిల్లులో ఫిట్టరు. తండాలో ఎవరింటికి గ్యాస్ బండ వచ్చినా సరే, గడ్డం గీసుకునే బ్రష్షు, సబ్బునీళ్ల చెంబు పట్టుకుని పిలవని పేరంటానికి హాజరు! రెగ్యులేటరుకూ ట్యూబుకూ నురగ పూసి, గ్యాస్ కారి బుడగ లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఆయన గడ్డం మాత్రం మాసే ఉంటుంది. పాపం, బ్రష్షు ఖాళీగా ఉంటే కదా!

"అగ్గిపుల్ల గీసి చూస్తే జల్దీ తెలుస్తది కదన్నా" అన్నారెవరో.

"తెలుస్తది. తెలిసిందని చెప్పనీకి నువ్వుండవు!"

2004లో కమ్లి ఇంటికి బండ వచ్చింది. పదేళ్లు పొగలో కళ్లు నలుపుకున్న కమ్లికి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. అత్త హేమ్లి మాత్రం, "పొద్దుగూకేలోపు దీని మీద చాయ్ కాస్తివా సరే. లేకుంటే పొద్దుగాల వాపసు పంపుత" అని తేల్చేసింది.

జైరాం వచ్చేసరికి హేమ్లి బండకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుప్పెడు ఊదుబత్తులు వెలిగించబోతోంది.

"ఓ పెద్దమ్మా! దండం పెట్టు, అగ్గి పెట్టకు!"

"గట్లెట్ల? కొత్త వస్తువు ముంగట ఊదుబత్తి ముట్టియ్యొద్దా?"

"ముట్టిస్తే, రేపు మన ఫొటోల ముంగట ముట్టిస్తరు!"

కట్టెల పొయ్యి ఆర్పించాడు, తలుపులు బార్లా తీయించాడు, రెగ్యులేటరు బిగించి నురగ పూశాడు. బుడగ! దాని వెనకే ఇంకోటి! బండ మూతిలోని వాషరు పాడైంది.

"నేను చెప్పలే? వాపసు!" అంది హేమ్లి.

"అన్నా, సైకిల్ ట్యూబు ముక్క కోసి లోపల పెట్టరాదే? నీకు రాని పనా?" కమ్లి బతిమాలింది.

"వస్తది. వచ్చినా చెయ్యొద్దు. అది మెకానిక్ పని, ఆయన రేపుగాని రాడు."

రెగ్యులేటరు తీసి, బండకు మూత బిగించి, ఆరుబయట దూరంగా నిలబెట్టాడు. లైటు స్విచ్చు ముట్టుకోవద్దని చెప్పి చక్కా పోయాడు. ఈ మనిషి ఇవాళే రావాలా అని కమ్లికి ఏడుపొచ్చింది.

అరగంటకు రొప్పుతూ తిరిగొచ్చాడు జైరాం, భుజం మీద ఇంకో బండతో! బిగించాడు, నురగ పూశాడు. ఒక్క బుడగ లేదు.

"పెద్దమ్మా, ముందు పుల్ల గియ్యి. తర్వాత మీట తిప్పు."

నీలిమంట భగ్గుమంది. హేమ్లి రెండడుగులు వెనక్కి గెంతి, మళ్లీ మూడడుగులు ముందుకొచ్చింది. చాయ్ తాగి, "పొగ వాసన లేదు, సప్పగున్నది" అని మూతి విరిచి, గ్లాసు మళ్లీ చాపింది. కమ్లి ఎగిరి గంతేసింది!

ఆ సంబరంలో జైరాం భార్య రుక్మిణికీ ఓ గ్లాసు తీసుకెళ్లింది. అక్కడ రుక్మిణి దగ్గుతూ కట్టెల పొయ్యి ఊదుతోంది. గ్యాస్ పొయ్యి పక్కన బండ లేదు.

"ఇదేంది వదినా! అది మీ బండా?"

"అవ్. ఎవరింట్ల బుడగ లేస్తే మా బండ గాయబ్. ఇది మూడోసారి" అని నవ్వింది రుక్మిణి. "మొదటి రోజే భయపడి వాపసిస్తే మల్ల తెచ్చుకుంటరా అంటడు. నిజమే కదా!"

ఉడుకుతున్న అన్నం గిన్నెను కమ్లి కొంగుతో పట్టుకుని దింపేసింది.

"నడువు. మెకానిక్ వచ్చేదాంక మీ వంట మా ఇంట్లనే."

"కూర గూడ చెయ్యాలె కదనే?"

"తీస్కరా వదినా, మా పొయ్యికి రెండు మంటలున్నయ్!"