అట్ట మీద నది, లోపల నాట్యం

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన, ఖుర్సీపార్‌లో ఉండే మా పెద్దమ్మ దగ్గర ఒక పాత చెక్ ఆర్కెస్ట్రా రికార్డు ఉంది. ఆమె నర్సుగా పనిచేసే రోజుల్లో, జ్వరంతో ఆసుపత్రిలో చేరిన ఒక చెక్ ఇంజనీరు తన దేశానికి తిరిగి వెళ్తూ ఇచ్చాడట. అట్ట మీద నది బొమ్మ. "ఇది మా నది సంగీతం" అన్నాడట. అప్పటి నుంచీ పెద్దమ్మ కళ్లు మూసుకుని ఆ నదినే వింటోంది.

ఈ సాయంత్రం రికార్డు తుడిచి పెడుతూ, దాని మధ్యనున్న చెక్ లేబుల్‌లో ఏముందో చూద్దామని అనువాదం చేసే ఫోన్ కెమెరా పెట్టాను. "పల్లె నాట్యాలు" అని తెలుగులో వచ్చింది. నది ఊసే లేదు. అట్ట ఒకదానిది, లోపలి రికార్డు ఇంకొకటి!

నోరు మూసుకోవాల్సింది, చెప్పేశాను. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది.

"మరి ఇన్నేళ్లూ నాను విన్నదేటే?" అంది.

ఊరడిద్దామని అసలు నది సంగీతాన్నే, అదీ బాగా పేరున్న పాత రికార్డింగును, ఫోన్‌లో వెతికి పెట్టాను. కాసేపు శ్రద్ధగా విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నదేటే? పెళ్లి మేళంలాగుంది! బంద్ కరో. నాదే ఎట్టు."

ఆమె రికార్డే మళ్లీ పెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. అది నాట్యమని తెలిసి కూడా, పక్కన కూర్చున్న నాకు నీళ్ల చప్పుడే వినిపించింది.

లేబుల్‌ను నమ్మాలో, పెద్దమ్మను నమ్మాలో అర్థం కావడం లేదు. సంగీతం తెలిసినవాళ్లుంటే చెప్పండి. నాకు మాత్రమే చెప్పండి, పెద్దమ్మకు వద్దు.