ఒత్తితే ఆగే మిషను

తొంభైలలో సిద్దిపేట మెదక్ రోడ్డు మీద నాగేశం షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్పేవారు. కార్లకు రంగు వేస్తాడన్న పేరు సగం, చేతికందిన ప్రతిదాన్నీ విప్పి చూస్తాడన్న పేరు సగం. పెళ్లికి అత్తగారు పెట్టిన అలారం గడియారాన్ని వారం తిరక్కముందే విప్పాడు. మళ్లీ బిగించాక టైము సరిగ్గానే చూపించేది గానీ, అలారం మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు మోగేది.

ధూళిమిట్ట నుంచి చిన్నప్పుడే వచ్చి ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. రంగు ఆరాక కంపౌండ్ అనే మెరుగు ముద్ద పూసి, గుడ్డ చుట్టిన అరచేత్తో గంటలకొద్దీ రుద్ది మెరిపించడం ఆ ఉస్తాద్ విద్య. "భుజంల పానమంతా బానెట్ మీదికి దిగాలెరా. ఒత్తకుంట మెరుపెట్ల వస్తది?" అనేవాడు. అదే ఉస్తాద్ చివరి రోజుల్లో కుడి చెయ్యి లేవక ఎడమ చేత్తో అన్నం తినేవాడు. ఎవరైనా చూస్తే అటు తిరిగి కూర్చునేవాడు పాపం.

ఇప్పుడు నాగేశం వంతు వచ్చింది. కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవాలన్నా భార్య విమలమ్మ పక్కన ఉండాల్సిందే. ఇక రుద్దుడు బంద్ చెయ్యమని దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. రుద్దనివాడికి షెడ్డెందుకు? రైస్ మిల్లులో వాచ్‌మన్ పని ఉందంటే సోమవారం నుంచి వస్తానని మాటిచ్చాడు. కుర్చీలో కూర్చుని గేటు కాయడం ఎట్లాగో అతనికి ఊహకు కూడా అందలేదు.

మిగిలింది ఒక్క కారు. బట్టల దుకాణం రామేశ్వర్ సేటు నల్ల అంబాసిడర్. భుజం పడిపోకముందే రంగు వేశాడు, మెరిపించడం మిగిలింది. నలుపంటే మామూలు రంగు కాదు, ఎండ పడితే సాలెగూడులాంటి సన్నగీతలు కూడా బయటపెడుతుంది.

సరిగ్గా ఆ వారమే విమలమ్మ తమ్ముడు హన్మంతు దుబాయి నుంచి వచ్చాడు. సంచిలోంచి ఒక మిషను తీసి ముందు పెట్టాడు. అడుగున గుండ్రటి పళ్లెం, దానికి అంటించిన స్పాంజి, పైన పట్టుకోవడానికి పిడి.

"బావా, మేం కార్లు కడిగేకాడ గీ మిషన్‌తోనే మెరిపిస్తరు. పాతదైందని ఇచ్చేసిన్రు."

"ఎట్ల నడుపుతరు?"

"నాకేమెరుక? నేను నీళ్లు కొట్టేటోన్ని. మిషన్ ముట్టనియ్యకపోదురు."

నాగేశం కళ్లు మెరిశాయి. తిరుగుతోందో లేదో కనబడాలని పళ్లెం అంచున తెల్లరంగు చుక్క పెట్టాడు. స్విచ్ వేస్తే గాలిలో ఆ చుక్క గిర్రున తిరిగి తెల్లటి గీతయింది. కంపౌండ్ పూసి బానెట్ మీద పెట్టాడు. భుజం నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటూ, ఉస్తాద్ నేర్పినట్టు బలమంతా పెట్టి ఒత్తాడు. చుక్క ఉన్నచోటే ఆగి వణకసాగింది. మిషను మాత్రం చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది.

కరెంటు తక్కువుందన్నాడు. పొలాల మోటార్లు ఆగే వేళ దాకా కాచుకున్నాడు. అప్పుడూ అంతే. అయితే మిషనులోనే ఏదో ఉందని, ఎప్పటిలాగే విప్పాడు. లోపల పళ్లేన్ని పట్టుకున్న ఇరుసు నడిమధ్యన లేదు, ఒక పక్కకు జరిగి ఉంది.

"దొరికింది. ఇరుసు వంకర పోయింది. లేతు షాపు కాడికి తీస్కపోయి సక్కగ చేపిస్త."

బట్టలో చుట్టి గడప దాటబోయి ఆగాడు. ఇరుసు జరిగిన వైపుకు ఎదురుగా ఒక ఇనుప దిమ్మ బిగించి ఉంది. చంకన బిందె పెట్టుకున్న ఆడమనిషి ఇంకో పక్కకు ఒరిగి నడిచినట్టు, ఆ పక్క బరువుకు ఈ పక్క బరువు సరిపెట్టారు. వంకరపోయినదానికి ఇంత కొలిచి ఎవడు దిమ్మ పెడతాడు? కావాలనే అట్లా చేశారు. ఎందుకు చేశారో తెలియక, లేతు దగ్గరికి పోవడం మానుకున్నాడు.

ఆదివారం మళ్లీ బిగించి ఎత్తబోతే కుడి చెయ్యి లేవనే లేదు. ఎడమ చేత్తో పట్టుకుని బానెట్ మీద పెట్టాడు. ఆ చేతికి ఒత్తే బలమెక్కడిది? మిషను తన బరువు మీద తానే కూర్చుంది.

చుక్క తిరిగింది.

ఒత్తాడు, ఆగింది. వదిలాడు, తిరిగింది. మళ్లీ ఒత్తాడు, మళ్లీ వదిలాడు. పక్కకు జరిపిన ఇరుసుతో పళ్లేన్ని ఊపడం మోటారు చేసే పని, తిరగడం పళ్లెం స్వేచ్ఛ. ఒత్తితే ఆ స్వేచ్ఛ పోతుందని అప్పుడు అర్థమైంది. మెల్లగా అటూ ఇటూ నడిపి కంపౌండ్ తుడిచాడు. సాలెగూడు మాయమై, రేకుల కప్పు కింది దూలం బానెట్‌లో గీత గీసినట్టు కనబడింది.

సోమవారం పొద్దున రైస్ మిల్లు నుంచి దుబ్బయ్య వచ్చాడు. "నాగేశమన్న ఇయ్యాల్టి సంది వస్తనన్నడట. ఏడున్నడు?"

షెడ్డులో మిషను గుర్రుమంటోంది. విమలమ్మ అటు చూసి, "ఆయనకు తీరదు తమ్మీ. ఇంకోన్ని చూసుకోమను," అని పంపేసింది.

తర్వాత చాయ్ తీసుకుని లోపలికి వెళ్లింది. నాగేశం మిషను ఆపి ఎడమ చేత్తో కప్పు అందుకున్నాడు.

"ఉస్తాద్‌కు గీ మిషన్ దొరికుంటె ఎంత బాగుండు విమలా."

"దొరికినా ఏం లాభమయ్యా? ఆయన గూడ ఒత్తుతుండె."

నాగేశం నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.