బట్ట చాలని వేట

అమీర్‌పేట దర్జీ రాజనర్సుకు ఉన్న వ్యసనం ఒక్కటే: ఏడాదికో ఆదివారం జలాశయం దగ్గర చేపల వేట. మిగతా కాలమంతా మెడలో టేపుతో, మనుషులను ఛాతీలుగా, నడుములుగా మాత్రమే గుర్తిస్తూ బతుకుతాడు. బట్ట తక్కువ తెచ్చినవాణ్ని ఆయన ఎన్నడూ వెనక్కి పంపలేదు. న్యాయమూర్తిలా కాసేపు ఆ బట్ట వైపు చూసి, ఫుల్ చేతులను హాఫ్ చేసి, జేబు ఎత్తేసి, చొక్కా అనదగినది ఏదో ఒకటి చేతిలో పెడతాడు.

ఈసారి వేటకు రాజనర్సు డబ్బు మొత్తం కట్టేశాక, ఆ ట్రిప్పు తీసుకెళ్లే పంజాగుట్ట ట్రావెల్స్ నరేశ్ ఆయన దుకాణానికి వచ్చాడు.

"నర్సన్నా, డీజిల్ పిరమైంది. ఇంకో వెయ్యి కావాలె. లేకుంటె నీ సీటు వేరేటోళ్లకు పోతది."

రాజనర్సు కోప్పడలేదు. తక్కువైన బట్టను చూసినట్టే నరేశ్‌ను తేరిపార చూశాడు.

"బోటు తీసెయ్. గట్టు మీద కూసుంట."

"ఇంకా చాలదన్నా."

"బిర్యానీ సుత తీసెయ్. మా ఇంటామె సద్ది కడతది."

నరేశ్ మనసులో లెక్క వేసుకుని తలూపాడు. "సరిపోయింది. గని గట్టు మీద చేపలు పడయి గదన్నా!"

"పోయినేడు బోటెక్కితె పడ్డయా?"

నరేశ్ నిజాయితీగా ఆలోచించి, లేదన్నాడు.

"మరి? పొద్దుగూకేదాక 'నా చొక్కా అయిందా' అని ఎవ్వడు అడగొద్దు. గా ఒక్కటి మాత్రం కత్తిరియ్యకు తమ్మీ."